ఏడు గులకరాళ్లు

బండలో తొలిచిన నాలుగో బెజ్జంలో పేలుడు మందు దించి, పైన తడిమట్టి కూరుతున్నాడు గురప్ప. బారెడు వేపకర్రతో మట్టిని అదుముతున్నాడు. గట్టిగా పొడవడు. పసిబిడ్డకు ముద్ద పెట్టినట్టు కొంచెం పెట్టి, ఆగి, మళ్లీ కొంచెం. ఇనుప కడ్డీతో అయితే సగం సేపట్లో అయిపోయే పని. కానీ ఇనుము రాతికి తగిలితే నిప్పు రాలుతుంది. నిప్పు రాలితే కూరేవాడు మిగలడు. పదేళ్లుగా అదే కర్ర. పట్టుకునే చోట అరిగి, సన్నబడి, నున్నగా నల్లగా మెరుస్తోంది.

తొంభై ఒకటో సంవత్సరం, జూన్ నెల. ఇంకా ఒక్క వానా పడలేదు. కుప్పానికి ఐదు మైళ్ల అవతల, తమిళనాడు పొలిమేర కనబడే ఆ గుట్టను అప్పటికే సగం కొరికేశారు. కొరికిన మేర తెల్లగా, ఎముక బయటపడ్డట్టు కనబడుతుంది. పనికిరాని రాయినంతా ఒక పక్క పోస్తూ పోతే అదే ఇంకో చిన్న గుట్ట అయింది. దాన్ని తిప్ప అంటారు. తిప్ప మీద ఎక్కితే రాళ్ల క్వారీ మొత్తం, కింద మేస్త్రీ రేకుల షెడ్డు, వెనక వాలులో బండి బాట, ఆ బాట చివర పలమనేరు పోయే తారు రోడ్డు అన్నీ కనబడతాయి.

గురప్పకు యాభై అయిదేళ్లు. ఒంట్లో కండ లేదు, నరాలున్నాయి. కనురెప్పల వెంట్రుకల మీద ఎప్పుడూ రాతిపొడి. ఎడమ చెంప మీద పచ్చబొట్టులాగా నీలపు చుక్కలు. ఎప్పుడో మందు ముఖం మీదికి ఎగిసినప్పుడు చర్మంలోకి దూరి ఉండిపోయినవి. ఎడమ చేతికి చివరి రెండు వేళ్లు లేవు. పోయిన వేళ్లను గురించి ఎవరైనా అడిగితే, ఉన్న వాటితోనే పని అయిపోతోంది గదా అనేవాడు.

మందు పెట్టే పనికి కొన్ని కట్టుబాట్లు ఉన్నాయి. రాసిపెట్టినవి కావు. మందు దించినవాడే ఒత్తి అంటించాలి, ఇంకో చెయ్యి పడకూడదు. దించిన మందును పొద్దు గుంకేదాకా ఉంచకూడదు. అంటించే ముందు మూడుసార్లు విజిల్ ఊదాలి. ఒత్తులన్నీ ఒకే పొడుగున కోయకూడదు. ఒకదాని తర్వాత ఒకటి పేలాలి, మోతలు విడివిడిగా వినబడాలి. ఎన్ని బెజ్జాలో అన్ని మోతలు. లెక్క సరిపోతే ఒక బీడీ తాగేంత సేపు ఆగి, మందు పెట్టినవాడే ముందు వెళ్లి చూసి, ఒక్కసారి పొడుగ్గా విజిల్ ఊదాలి. మిగిలిన వాళ్లు అప్పుడు కదలాలి. లెక్కలో ఒక్కటి తగ్గిందా, మర్నాడు తెల్లారేదాకా ఆ దిక్కుకు మనిషి పోడు.

గురప్ప ఎరికలో ఆ కట్టుబాటు తప్పింది ఒక్కసారే. పన్నెండు పదమూడేళ్ల కిందట, కలికిరి పక్క పల్లెలో ఒక బావి. అప్పట్లో బోర్లు ఇంతగా లేవు. పుంగనూరు తట్టు ఎవరు బావి తవ్వినా, అడుగున బండ పడగానే గురప్పనూ అతని జతగాడు గోవిందప్పనూ పిలిచేవాళ్లు. ఆ రోజు ఐదు పెడితే నాలుగే పేలాయి. ఐదోది తేమ తగిలి ఆరిపోయి ఉంటుంది, పొద్దు పోతోంది, కూలీలు ఊరికే కూచున్నారు అని రైతు సణిగాడు. గోవిందప్ప మోకు పట్టుకుని దిగాడు. గురప్ప వద్దనలేదు. సగం దిగాడో లేదో ఐదోది పేలింది. బావిలోంచి పైకి లేచింది పొగ ఒక్కటే కాదు. సాయంత్రం దాకా గురప్ప గంపతో దిగాడు, గంపతో ఎక్కాడు. గోవిందప్ప కుడిచెయ్యి ఒక్కటే చెక్కు చెదరకుండా దొరికింది. పిడికిట్లో మోకు ముక్క అలాగే ఉంది. ఆ పిడికిలి విప్పడానికి గురప్ప చాలాసేపు తంటాలు పడి, చివరికి మోకుతో సహా గంపలో పెట్టాడు.

ఆ తర్వాత అతను ఎవరి తొందరకూ లొంగలేదు. భార్య అప్పటికే మొదటి కాన్పులో, బిడ్డతో పాటే పోయింది. మళ్లీ పెళ్లి జోలికి పోలేదు. బోర్లు వచ్చి బావుల పని పోయాక కుప్పం క్వారీకి వచ్చి, మేస్త్రీ షెడ్డు వెనక ఒక పాక వేసుకున్నాడు.

గుట్టలో పనిచేసేవాళ్లు అతనికి పొగరు అనేవాళ్లు. పిలిస్తే పలకడు, వెనక నుంచి మాట్లాడితే తిరిగి చూడడు. అది పొగరు కాదు. ఎడమ చెవి బావుల నాడే పోయింది. కుడి చెవి రెండేళ్లుగా తగ్గుతూ వచ్చింది. ఎదురుగా నిలబడి మాట్లాడితే పెదవులు చూసి సగం, మిగిలిన చెవితో సగం కూడదీసుకుని జవాబు చెప్పేవాడు. మోతలను చెవితో కాకుండా పాదాలతో లెక్కపెట్టడం నేర్చుకున్నాడు. చెప్పులు విడిచి బండ మీద నిలబడితే ప్రతి మోతా మడమలోంచి మోకాలికి ఎక్కుతుంది. చెవి పోయిందని తెలిస్తే మేస్త్రీ ఒక్క రోజు ఉంచడు. ఈ పని తప్ప అతనికి ఇంకో పని చేతకాదు.

ఆ సంగతి కనిపెట్టింది మలర్ ఒక్కతే.

మలర్ లంక మనిషి. మన్నారు దగ్గర ఏదో ఊరు. కిందటి ఏడాది పడవలో రామేశ్వరం చేరి, అక్కణ్నుంచి తమిళనాడులో ఒక శిబిరానికి, శిబిరం నుంచి పనికోసం వచ్చిన గుంపుతో ఈ గుట్టకు చేరింది. నాలుగేళ్ల కూతురు యాళినిని చంకన వేసుకుని వచ్చింది. వచ్చిన రోజు మధ్యాహ్నం మొదటి మోత వినగానే తల్లీకూతుళ్లు ఇద్దరూ చేతిలో పని వదిలేసి నేల మీద బోర్లా పడిపోయారు. తల్లి బిడ్డ మీద పడుకుని, రెండు మోచేతులూ నేలకు ఆనించి, బిడ్డ చెవులు మూసింది. కంకర కొట్టే ఆడవాళ్లు నవ్వారు. గురప్ప నవ్వలేదు. పడిపోవడం అతను చూసి ఉన్నాడు గానీ, అంత అలవాటుగా పడిపోవడం ఎప్పుడూ చూడలేదు.

వారం తర్వాత ఒక రోజు ఆరు ఒత్తులు అంటించాడు. పాదాలకు ఆరు తగిలాయి అనుకున్నాడు. బీడీ పారేసి లేచి నాలుగడుగులు వేశాడు. వెనక నుంచి ఎవరో చొక్కా పట్టుకుని గుంజి కింద పడేశారు. చూస్తే మలర్. తిప్ప మీద నుంచి పరిగెత్తుకొచ్చిన ఆయాసంతో మాట రాక, అతని ముఖం ముందు అయిదు వేళ్లు చూపించి, ఆరో వేలు ఇంకా రాలేదని తల అడ్డంగా ఊపింది. అతను ఆ వేళ్ల వంక చూస్తుండగానే ఆరోది పేలింది. అతను నడిచి వెళ్లాల్సిన చోట మనిషి తలంత రాళ్లు పడ్డాయి.

వాళ్ల ఊళ్లో పిల్లలు అంకెలు నేర్చుకుంది సైన్యం వదిలే గుండ్ల మోతలతోనేనట. ఇంటి కింద తవ్వుకున్న గోతిలో, తాటి దుంగల కప్పు కింద కూచుని లెక్కపెట్టేవాళ్లట. ఎన్ని వదిలారు, ఎన్ని పడ్డాయి, ఎన్ని పేలలేదు. పేలనిది ఎక్కడ పడిందో గుర్తుపెట్టుకోవాలి, మర్నాడు మేకలను అటు పోనివ్వకూడదు. ఆమె భర్తను గుండు చంపలేదు. ఒక ఉదయం చేపలు తేవడానికి పోతుంటే సైనికులు ఆపి తీసుకుపోయారు. మూడో రోజు కూడలి దగ్గర, కాలుతున్న టైర్ల మధ్య, నడుముకు కట్టిన తోలు బెల్టు బిళ్లను బట్టి ఆమె గుర్తుపట్టింది. ఇదంతా ఆమె తమిళంలో చెప్పింది. సరిహద్దు మనిషి కాబట్టి గురప్పకు అర్థమైంది. అర్థం కానిచోట ఆమె చేతులు చూశాడు.

అప్పటి నుంచి మలర్ అతని చెవి అయింది. రోజూ పొద్దున ఎన్ని బెజ్జాలో కనుక్కుని, యాళిని అన్ని గులకరాళ్లు ఏరుకొచ్చి తిప్ప కొసన ఒక చదును బండ మీద వరసగా పేర్చేది. మోత వినబడిన ప్రతిసారీ పాప ఒక రాయిని కిందికి తోస్తుంది, తల్లి ఒక వేలు పైకెత్తుతుంది. కింద బండ చాటున కూచున్న గురప్ప ఆ వేళ్లు చూసి లెక్క తెలుసుకుంటాడు. పాప బోర్లా పడటం మానేసింది. మూడు విజిళ్లు వినబడగానే రాళ్ల దగ్గరికి పరిగెత్తి కూచుంటుంది. మోత ఎప్పుడొస్తుందో ముందే తెలిస్తే భయం ఉండదని ఆ పిల్లకు నేర్పింది ఆ విజిలే.

మే నెలలో మద్రాసు పక్క బాంబు పేలి పెద్ద నాయకుడు చనిపోయాక అంతా మారిపోయింది. చేసింది లంకవాళ్లేనని, వాళ్లను ఎక్కడ కనబడితే అక్కడ కొట్టారు. క్వారీలో ఉన్న మిగిలిన లంకవాళ్లను పోలీసులు వ్యాన్ ఎక్కించి తీసుకుపోయారు. ఆ రోజు గురప్ప మేస్త్రీ వరదరాజులు ముందు నిలబడి, మలర్ తన బామ్మర్ది కూతురనీ, క్రిష్ణగిరి పిల్ల అనీ చెప్పాడు. వరదరాజులు అది అబద్ధమని తెలిసే సరేనన్నాడు. చెడ్డవాడు కాదు, భయస్తుడు. కానీ సారాయి అంగట్లో నోరు నిలవదు.

ఈ పొద్దు సంగటి తినేటప్పుడే గురప్ప మలర్‌కు మళ్లీ చెప్పాడు. మదనపల్లెలో, నీరుగట్టువారిపల్లెలో తన చెల్లెలు రాములమ్మ ఉంది. మగ్గాల వాళ్లకు పట్టు చుట్టే పని. అక్కడ ఇంటింటా మగ్గమే, వచ్చేవాళ్లూ పోయేవాళ్లూ, ఎవరు ఎవరో ఎవరూ అడగరు. పేరూ వీధీ రాయించిన చీటీ పాప గౌను జేబులో పెట్టి పిన్నీసు గుచ్చాడు. ఆదివారం తనే తీసుకెళ్లి దిగబెడతానన్నాడు.

మలర్ చేతిలో ముద్ద పళ్లెంలో పెట్టేసింది. తర్వాత నేర్చుకున్న తెలుగులో అడిగింది.

"నేను పోతే నీకు లెక్క ఎవరు సెప్తారు అయ్యా?"

"నాకు సెవులుండాయి గదమ్మా."

ఆమె లేచి, చెయ్యి కడుక్కునే నెపంతో అతని వెనక్కి వెళ్లింది. అతను ఊరుబిండి నంజుకుంటూ సంగటి తింటున్నాడు. కొంచెం సేపటికి యాళిని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వడం చూసి, ఏమే అన్నాడు. మలర్ ముందుకొచ్చి కూచుంది.

"మూడు తూర్లు సప్పట్లు కొట్నా," అంది.

గురప్ప కూడా నవ్వాడు. నవ్వి, మిగిలిన సంగటి పాప పళ్లెంలో వేశాడు. "ఆదివారం పోతాండారు. అంతే," అన్నాడు.

ఐదో బెజ్జం, ఆరో బెజ్జం అయ్యాయి. ఏడో బెజ్జంలో మందు దించి మట్టి కూరుతూ, అలవాటుగా తిప్ప వంక చూశాడు. మలర్ నిలబడి ఉంది. అరచెయ్యి తల మీద బోర్లించి పెట్టుకుంది. పై నుంచి ఏదో వస్తోందని వాళ్లిద్దరి మధ్య ఉన్న గుర్తు అది. అతను చేత్తో కూచోమన్నట్టు అదిమి చూపించాడు. ఆమె పాపను లాక్కుని రాళ్ల వెనక్కి దిగిపోయింది. అప్పుడు వెనక్కి తిరిగితే, షెడ్డు ముందు ఒక టెంపో ఆగి ఉంది. పదిమందికి పైగా మనుషులు గుట్ట ఎక్కుతున్నారు. చేతుల్లో కర్రలు, ఇద్దరి దగ్గర సైకిల్ చైన్లు. చొక్కాలకు నల్లగుడ్డ ముక్కలు గుచ్చుకున్నారు. ముందు నడుస్తున్నవాడు కుప్పం బజారులో గుడ్డలంగడి దేవరాజులు. వాళ్ల నాయన బావికి మందు పెట్టింది గురప్పే.

దేవరాజులు ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. నోట్లో సిగరెట్టు ఉండటంతో పెదవులు సరిగ్గా కదలలేదు.

"సిగరెట్టు పారెయ్యప్పా," అన్నాడు గురప్ప. "ఈడ ఏడు బొక్కల్లో మందుండాది."

వెనకున్నవాళ్లు రెండడుగులు వెనక్కి వేశారు. దేవరాజులు సిగరెట్టు తీసి చెప్పు కింద నలిపాడు. అందరి ముందూ నలపాల్సి వచ్చినందుకు అతని ముఖం ఎర్రబడింది.

"లంకామెను దాచిపెట్టుకోనుండావంట. యాడుండాది?"

"ఈడుండేది నేను, రాళ్లు. ఎతుక్కో."

"మందు నీ సేతిలో ఉండాది, లంకామె నీ పాకలో ఉండాది. ఆడ బాంబుకు మందు ఇచ్చింది నువ్వే అంటే కాదంటావా?"

గురప్ప ఆ మాటలు పూర్తిగా చదువుకునే లోపలే పక్క నుంచి మొదటి దెబ్బ పడింది. నడుము మీద. రెండోది మోకాలి వెనక. అతను ఏడో బెజ్జం పక్కనే పడ్డాడు. పడుతూ, అంచున నిలబెట్టిన ఒత్తి మోచేతి కింద నలగకుండా ఒంటిని పక్కకు తిప్పుకున్నాడు. పూర్తిగా తిప్పుకోలేకపోయాడు. చైను వీపు మీద పడ్డప్పుడు చొక్కా చిరిగి చర్మంతో పాటు లేచింది. ఎవరో చెప్పుకాలితో నోటి మీద తన్నారు. ఒక పన్ను ఊడి నాలుక మీద పడింది. ఉమ్మేశాడు. వరదరాజులు దూరంగా నిలబడి రెండు చేతులూ జోడించి ఏదో అంటున్నాడు. దగ్గరికి రాలేదు.

లేవబోతుంటే ఒకడు కర్రను రెండు చేతులా పట్టుకుని కుడి కణత మీద కొట్టాడు.

చెవిలో వెచ్చగా ఏదో తెగింది. మెడ మీదుగా రక్తం కారి చొక్కా కాలర్‌లోకి దిగింది. వాళ్ల నోళ్లు తెరుచుకుంటున్నాయి, మూసుకుంటున్నాయి. ఒక్క ముక్క లేదు. చెవి తగ్గినా ఇన్నేళ్లూ ఒక హోరు ఉండేది, దూరంగా ఏరు పారుతున్నట్టు. ఇప్పుడు ఆ హోరు కూడా ఆగిపోయింది.

వాళ్లు అతన్ని వదిలి వరదరాజులు మీదికి పోయారు. ఒక్క చెంపదెబ్బ. వరదరాజులు చెయ్యి పైకి లేచి తిప్ప వైపు చూపించింది.

గుంపు తిప్ప వైపు తిరిగింది. నూరు గజాలు ఉంటుంది. ముందున్నవాడు అప్పుడే పరుగు అందుకున్నాడు.

గురప్ప మెడలో తాడుకు వేలాడుతున్న విజిల్ తీసి నోట్లో పెట్టుకున్నాడు. పగిలిన పెదవి మీద అది నిలవలేదు. వేళ్లతో అదిమి పట్టుకుని ఊదాడు. ఒకటి. రెండు. మూడు. అతనికి వినబడలేదు. కానీ గుట్ట అంతటా మనుషులు కదలడం కనబడింది. కంకర కొట్టే ఆడవాళ్లు గంపలు వదిలి షెడ్డు వైపు పరిగెత్తారు. జాక్‌హామర్ కొట్టే చెంగయ్య ఎర్రగుడ్డ తీసుకుని తారు రోడ్డు వైపు పరిగెత్తాడు, వచ్చే పోయే బండ్లను ఆపడానికి. దేవరాజులు మనుషులు నడుమలో నిలబడిపోయి ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

గురప్ప జేబులోంచి బీడీ తీసి అంటించాడు. వంగి, మొదటి బెజ్జం దగ్గర కూచుని, బీడీ కొస ఒత్తి పక్కన పెట్టాడు. తాకించలేదు. లేచి రెండు చేతులూ ఎత్తి అరిచాడు.

"అంటించినా. పరిగెత్తండప్పా."

పదిహేడో ఏట ఈ పనిలో చెయ్యి పెట్టాడు. అన్నేళ్లలో ఆ మాట అబద్ధంగా అనడం అదే మొదలు. కర్రలు కింద పారేసి వాళ్లు పరిగెత్తిన తీరు చూస్తే వేరే రోజైతే నవ్వొచ్చేది. దేవరాజులు చెప్పు ఒకటి రాళ్లలో ఇరుక్కుంటే వదిలేసి పోయాడు. మేస్త్రీ షెడ్డులో దూరి, రేకు తలుపు లోపల్నుంచి మూసుకున్నారు. అంటించిన మందు పేలేదాకా తల బయట పెట్టే మొగవాడు ఆ సీమలో లేడు.

గురప్ప తిప్ప వంక చూశాడు. మలర్ పారిపోలేదు. మూడు విజిళ్లు వినగానే ఎప్పటిలాగే లెక్కపెట్టే చోటికి వచ్చి నిలబడింది. పక్కన పాప చదును బండ ముందు కూచుని ఉంది.

రోడ్డు వైపు చెయ్యి చూపించాడు. పో అన్నాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. తన చెవి ముట్టుకుని అతన్ని చూపించింది. అతను తువ్వాలు తలకు చుట్టుకున్నాడు, రక్తం కనబడకుండా. తర్వాత కుడి చెవి మీద వేలితో తట్టి, వినబడుతోందని తల ఊపాడు. ఆమె నమ్మలేదు. అంత దూరం నుంచి కూడా ఆమె నమ్మలేదని అతనికి తెలిసింది. అప్పుడతను వంగి రెండు చేతులూ ఒకటి చేసి ఆమెకు దండం పెట్టాడు.

ఆమె పాపను చంకన వేసుకుంది. ఒకసారి వెనక్కి చూసి, తిప్ప వెనక వాలులోకి దిగిపోయింది.

తిప్ప చాటు దాటాక బండి బాట వెంట ఆమె తల, పాప తల చిన్నవవుతూ పోయాయి. తారు రోడ్డు మీద పన్నెండు గంటల పలమనేరు బస్సు దుమ్ము లేపుకుంటూ వచ్చింది. చెంగయ్య ఎర్రగుడ్డ అడ్డం పెట్టి ఆపాడు. మలర్ బస్సు దగ్గరికి చేరింది. చెంగయ్య ఆమెను చూశాడు, గుట్ట వైపు చూశాడు. తర్వాత చెంగయ్య పాపను అందుకుని మెట్టు మీదికి ఎక్కించాడు. ఎర్రగుడ్డ దించి బస్సును పోనిచ్చాడు. పలమనేరు, అక్కణ్నుంచి పుంగనూరు, ఆ తర్వాత మదనపల్లె. దీపాలు పెట్టే వేళకు రాములమ్మ ఇంట్లో ఉంటారు. దుమ్ము అణిగేదాకా గురప్ప చూస్తూ నిలబడ్డాడు.

ఇక మందు మిగిలింది. దించిన మందును ఉంచకూడదు. పేలకపోతే వాళ్లకు అబద్ధం తెలిసిపోతుంది, టెంపో బస్సు వెంట పడుతుంది. ఏడో బెజ్జంలో మట్టి కూరటం సగంలో ఆగింది. కూచుని పూర్తి చేశాడు. మట్టిలో తన రక్తం కలిసింది. ఒత్తి ఒక చోట మోచేతి కింద నలిగి వంగి ఉంది. వేళ్లతో సాపు చేశాడు. మార్చడానికి ఇంకో ఒత్తి కోసి తేవాలంటే షెడ్డులోకి పోవాలి. అక్కడ వాళ్లున్నారు.

ఆరిపోయిన బీడీని మళ్లీ అంటించి, గట్టిగా పీల్చి ఎర్రగా చేసి, ఒకటి నుంచి ఏడు దాకా అంటించుకుంటూ వచ్చాడు. వేపకర్ర చంకలో పెట్టుకుని కుంటుతూ తన బండ చాటుకు చేరి కూచున్నాడు. చెప్పులు విడిచాడు. పాదాలు రెండూ రాతికి ఆనించాడు. అలవాటు కొద్దీ తిప్ప పైకి చూశాడు. ఎవరూ లేరు. ఆకాశం ఉంది.

మొదటిది మడమకు తగిలింది. రెండోది. మూడోది పెద్దది, వీపు ఆనించిన బండ కూడా అదిరింది. నాలుగు. ఐదు. పొగ తెల్లగా లేచి ఎండను కప్పేసింది. ఆరు. తర్వాత కొంచెం ఎడం. పాదాల కింద మళ్లీ బరువుగా అదిరింది. ఏడు.

అది మోత కాదు. పగుళ్లు పట్టిన ఒక పెద్ద పలక పైనుంచి జారి కింద పడింది. చెవి ఉంటే ఆ తేడా పసివాడికైనా తెలుస్తుంది.

బీడీ తాగేంత సేపు ఆగాడు. బీడీ లేదు. చేతిలో ఉన్నది ఒత్తులకే అయిపోయింది. అందుకని మలర్ దిగబోయే ఊళ్లు వరసగా తలుచుకున్నాడు. పలమనేరు. పుంగనూరు బస్టాండు. నాన్నతో కలిసి పుంగనూరు పొట్టి ఆవులను తోలుకుని పోయిన బాట. మదనపల్లె. రాములమ్మ తలుపు తీసి ముందు పాపను చూస్తుంది. చీటీ చూడదు, దానికి చదువు రాదు. అన్న పంపించినాడు అంటే చాలు.

లేచాడు. వేపకర్రను బండకు ఆనించి నిలబెట్టాడు. విజిల్ చేతిలో పట్టుకున్నాడు. లోపలికి పోయి చూసి, ఒక్కసారి పొడుగ్గా ఊదితే ఈ రోజు పని అయిపోతుంది. తర్వాత వాళ్లు వస్తారు, తిప్ప ఎక్కుతారు, ఏమీ దొరకదు. ఇంకో నాలుగు కొడతారు. కొట్టనీ.

వెనక తారు రోడ్డు దగ్గర నుంచి చెంగయ్య పరిగెత్తుకొస్తున్నాడు. ఆరు మోతలే విన్నాడు అతను. ఎర్రగుడ్డ తల మీద ఊపుతూ, గొంతు చిరిగేలా అరుస్తున్నాడు. గురప్ప పిలిస్తే పలకడని తెలుసు, కానీ ఇలాంటప్పుడు కూడా పలకని పొగరు ఉంటుందని చెంగయ్యకు నమ్మశక్యం కాలేదు. షెడ్డులో ఆడవాళ్లు కూడా అరిచారు. గురప్పకు వీపు మీద ఎండ తగిలింది. చైను కోసిన చోట చెమట దిగి మండింది. అంతే. పొగలోకి మామూలుగా, కాస్త కుంటుతూ నడిచాడు.

నలిగిన ఒత్తి దాటడానికి నిప్పుకు అంత సేపు పట్టింది. ఏడోది అప్పుడు పేలింది.

షెడ్డు తలుపు తెరుచుకుని దేవరాజులూ అతని మనుషులూ బయటికి వచ్చారు. పొగ తగ్గాక కనబడ్డది చూసి, ఒకడు పక్కకు పోయి కక్కుకున్నాడు. ఎవరూ తిప్ప ఎక్కలేదు. ఎవరూ లంకామె మాట ఎత్తలేదు. టెంపో వచ్చిన దారినే వెళ్లిపోయింది. వరదరాజులు నేల మీద చతికిలబడి, లెక్క తప్పడు గదా, గురప్ప లెక్క తప్పడు గదా అని అదే మాట అంటూ ఉండిపోయాడు.

గంప తెచ్చింది చెంగయ్య. సాయంత్రం దాకా అతనే వంగి, అతనే లేచాడు. ఇంకెవరినీ ముట్టనివ్వలేదు. రాళ్ల మధ్య ఇంకా ఏమైనా మిగిలిందేమో పైనుంచి చూద్దామని చివరికి తిప్ప ఎక్కాడు. తిప్ప కొసన చదును బండ మీద ఎవరో పిల్లలు పొద్దున పేర్చిన గులకరాళ్లు వరసగా ఉన్నాయి. ఎందుకు పేర్చారో అతనికి తెలియదు. ఊరికే లెక్కపెట్టాడు. ఏడు. ఒక్కటీ కదలలేదు.